తల్లివైపు గడి

సీసాలో ఉన్నది పాలు పోయని టీ అనుకుంది తూకాలక్క. నర్సు దాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి చూపించాకగానీ అది తన తమ్ముడి మూత్రమని ఆమె బుర్రకెక్కలేదు.

తమ్ముడు మంచం మీద దుప్పటి గడ్డం దాకా లాక్కుని పడుకున్నాడు. కళ్లు తెరిస్తే తెలుపు ఉండాల్సిన చోటంతా పసుపు. సిటీ బస్సు డ్రైవరు, ముప్పై ఏళ్లవాడు. మొన్న పొద్దున్న కూడా డిపోలో స్టెప్నీ టైరు ఒంటిచేత్తో దొర్లించిన మనిషి. ఇవాళ మంచినీళ్ల గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. దానికితోడు జ్వరం.

డాక్టరమ్మ నాన్చకుండా చెప్పింది. ఒంట్లో ఎర్ర రక్తకణాలు పగిలిపోతున్నాయి. నిన్న సాయంత్రం పది ఉన్న రక్తం పొద్దున్నకి ఏడున్నరకి దిగింది. ఒక సీసా రక్తం ఎక్కించారు, ఇంకోటి సిద్ధంగా ఉంది. కానీ చిల్లికుండలో ఎంతసేపు పోస్తాం? చిల్లి ఎక్కడుందో తెలియాలి. కొత్తగా ఏం మందులు వాడాడు, ఏం తిన్నాడు?

మందులేమీ లేవు. తిన్నదల్లా వంశాహారం అనే కంపెనీ వాళ్ల డబ్బాల్లోదే.

ఆ మాట వినగానే తూకాలక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. డిపోలో ఒక కండక్టరు ఆ డబ్బాలు తిని నాలుగు కిలోలు తగ్గాడని తమ్ముడు కూడా చేరాడు. చేరిన రోజు కంపెనీ నుంచి ఒకావిడ వంశావళి రాసుకోవడానికి ఇంటికొచ్చింది. ఒక గొట్టంలో ఉమ్మి పట్టించుకుంది. తర్వాత టాబ్లెట్ తీసి నాన్న ఏం తినేవాడు, తాత ఏం పని చేసేవాడు, ముత్తాత ఎక్కడివాడు అని ఒక్కొక్కటీ అడిగి గళ్లలో నింపుకుంది. ముత్తాత పడవ నడిపేవాడని చెప్పేసరికి ఆవిడ మొహం వెలిగిపోయింది. మీది నదీవంశం, మీ రక్తానికి సరిపడే తిండి వేరే ఉంది, అది మేం తయారుచేసి పంపుతాం అంది. పక్కనే కూర్చున్న అమ్మ "మా వైపు అయితేనమ్మా" అని ఏదో మొదలుపెట్టింది. దానికి గడి లేదండీ అంది ఆవిడ నవ్వుతూ.

అప్పుడు తూకాలక్క ఏమందో ఆమెకి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఉండమ్మా, నిన్నెవరడిగారు?" అంది. అని తనూ నవ్వింది.

మొదటి వారం పలచటి సూపులు. మొన్నటి నుంచి పొడి. రోజుకి రెండుసార్లు, గ్లాసు నీళ్లలో మూడు చెంచాలు. డబ్బా మీద తమ్ముడి పేరు బంగారు రంగులో మెరుస్తోంది. కింద 'మీ వంశం కోసం మాత్రమే' అని ఉంది. పొడిలో ఏముందంటే 'పూర్వీకుల ధాన్యాల మిశ్రమం' అని ఒక్క ముక్క.

కంపెనీకి ఫోను చేసింది. తేనె పూసిన గొంతుతో ఒకమ్మాయి ఎత్తింది. పొడిలో ఏం కలిపారో చెప్పమంటే, అది వ్యాపార రహస్యమండీ, ఫార్ములా మీ తమ్ముడిగారి ఒక్కరి కోసమే తయారైంది కదా అంది.

"వాడొక్కడి కోసమే చేస్తే వాడికి చెప్పడానికేం నొప్పి?"

లైనులో సంగీతం మొదలైంది. పన్నెండు నిమిషాలు వింది. తర్వాత లైను తెగిపోయింది.

ఈలోగా ఒక ఎంజైము పరీక్ష ఫలితం వచ్చింది. కొందరి రక్తంలో పుట్టుకతోనే ఆ ఎంజైము తక్కువగా ఉంటుందట. అలాంటివాళ్లు పడని గింజో మందో తింటే ఇలాగే రక్తం పగులుతుందట. తమ్ముడిది మాత్రం మామూలుగానే ఉంది. అంటే ఒళ్లే తన రక్తం మీద తను తిరగబడిందేమోనని డాక్టరమ్మ అనుమానం. అదే అయితే ఆ తిరుగుబాటుని అణిచే గట్టి మందు మొదలుపెట్టాలి. జ్వరం ఉన్నవాడికి ఆ మందు ఇవ్వడం కత్తి మీద సాము. లోపల ఏదైనా సూక్ష్మక్రిమి దాక్కుని ఉంటే దానికి తలుపులు బార్లా తెరిచినట్టే.

సరిగ్గా అప్పుడు మేనమామ దిగాడు. ఆయన్ని ఇంట్లో కోతల మావయ్య అంటారు. కుర్రతనంలో ఓడల్లో వంటవాడు. ఆయన చెప్పే కథల్లో తిమింగలాలు సలాం కొడతాయి. మంచం పక్కన సీసా చూడగానే ఆయన కాళ్లు ఆగిపోయాయి.

"నాకు వచ్చింది ఇదే" అన్నాడు.

ఆ కథ ఇంట్లో అందరికీ కంఠతా. ఏదో రేవులో ఫావా గింజల కూర తిని ఒళ్లు పచ్చబడి, తారులాంటి మూత్రం పోసి, చచ్చి బతికాడట. ఫావా అంటే మన చిక్కుడు గింజకి పెద్దన్నలా ఉంటుంది, వేరే జాతి. మావయ్య చెప్పిన ప్రతిసారీ తిన్న ప్లేట్లు పెరిగేవి. మొదట్లో రెండు, కిందటేడు ఏడు. ఓడ కెప్టెను ఏడ్చాడని కూడా కలిపాడు. ఎవరు నమ్ముతారు?

డాక్టరమ్మ కలం ఆపింది. "ఎన్ని ప్లేట్లన్నది నాకక్కర్లేదు. మూత్రం నల్లగా వచ్చిన మాట నిజమేనా?"

"నిజమేనమ్మా." జన్మలో మొదటిసారి ఆయన జవాబు అక్కడితో ఆగింది.

మంచం కాళ్ల వైపు కూర్చున్న అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తమ అమ్మకి తమ్ముడొకడుండేవాడని, ఏదో పొలంలో గింజలు తిని పచ్చకామెర్లతో పోయాడని, అందుకే ఆ ఇంట్లో ఎవరూ ఆ గింజ ముట్టరని, వంశం రాసుకోవడానికొచ్చినావిడతో చెప్పబోయింది ఇదేనని నెమ్మదిగా చెప్పింది.

డాక్టరమ్మ గబగబా వివరించింది. ఈ ఎంజైము లోపం తల్లుల ద్వారా వస్తుంది. ఆడవాళ్లు చాలామట్టుకు మోస్తారంతే, దెబ్బ తగిలేది ఎక్కువగా మగపిల్లలకి. పరీక్ష అబద్ధం చెప్పి ఉండొచ్చు. బలహీనమైన పాత కణాలన్నీ ముందే పగిలిపోతే, మిగిలిన కొత్తవాటిని పరీక్షించినప్పుడు ఎంజైము బాగానే కనబడుతుంది. కానీ మావయ్య మాట ఒక్కటీ పట్టుకుని గట్టి మందు ఆపలేనంది. పొడిని ల్యాబుకి పంపితే నాలుగు రోజులు.

"అందులో ఆ గింజ ఉందో లేదో నాకు రెండు గంటల్లో తెలియాలి. ఆ తర్వాత ఏదో ఒక దారి పట్టక తప్పదు."

తూకాలక్క అప్పటికే సగం మెట్లు దిగింది.

ఆమె పని కాటాలు బాగుచెయ్యడం. బంగారం కొట్లో చిన్న త్రాసు నుంచి లారీలు తూచే ధర్మకాటా దాకా విప్పగలదు, బిగించగలదు, లైసెన్సు ఉంది. వంశాహారం షెడ్డు ఊరిచివర గోదాముల వరసలో ఉంది. పనిముట్ల పెట్టె ఒక చేత, ఇరవై కిలోల గుండు ఇంకో చేత పట్టుకుని గేటు దగ్గర నిలబడింది. కాటా చెకింగా అని అడిగాడు వాచ్‌మన్. అవునంది. అందులో అబద్ధం లేదు.

లోపల గది చూసి ఆమె ఒక్క క్షణం అలాగే నిలబడిపోయింది. ఒకటే కాటా. ఒకటే మిక్సరు. నాలుగే గోనెసంచులు, వాటి మీద ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలు తప్ప పేర్లు లేవు. అవతల బల్ల దగ్గర ఆరుగురు ఆడవాళ్లు ఒకే డ్రమ్ములోంచి పొడి నింపి, డబ్బాలకి బంగారు లేబుళ్లు అంటిస్తున్నారు. ఒక్కో లేబులు మీద ఒక్కో పేరు. నదీవంశం, కొండవంశం, మైదానవంశం, అన్నీ ఆ డ్రమ్ములోంచే. గోడవారగా అట్టపెట్టెలున్నాయి. ఒకదాని మూత లేచి ఉంటే లోపల ఉమ్మి గొట్టాలు కనబడ్డాయి. మూతల మీద సీళ్లు ఊడలేదు. పైనున్న పెట్టె మీద ఆర్నెల్ల కిందటి తేదీ ఉంది.

లేబుళ్ల దగ్గరున్న పెద్దావిడ ఆమె చూపు గమనించింది. "అవి పారేసేవే, కాళ్లకి అడ్డం. ఎప్పటినుంచో తియ్యమంటున్నా" అంది.

తూకాలక్క పళ్లు బిగించుకుని కాటా వెనక మోకాళ్ల మీద కూర్చుంది. ఏ సంచిలో ఏముందో పనివాళ్లకి కూడా తెలియకుండా అంకెలు వేశారు. సరే. కానీ మిశ్రమాలు తూచే కాటాకి ఒక జ్ఞాపకం ఉంటుంది. మొదట్లో దాన్ని అమర్చిన మెకానిక్ ఏ వస్తువు ఎంతో పేర్లతో సహా అందులో ఎక్కిస్తాడు, లేకపోతే వాడికే తికమక. పైన తెర మీద అంకెలు మార్చినంత మాత్రాన అడుగున పేర్లు చెరగవు. ఆ సంగతి మెకానిక్కులకి తప్ప ఎవరికీ పట్టదు. ఆమె సర్వీసు కోడు కొట్టింది. కాటా పక్కనున్న చిన్న యంత్రం కీచుమంటూ కాగితం కక్కింది.

ఓట్లు ఇరవై ఎనిమిది. జొన్నలు పద్దెనిమిది. అవిసెలు పన్నెండు. ఫావా పిండి నలభై రెండు.

వందకి నలభై రెండు. ఇవాళ్టి పొడి, నిన్నటి పొడి, కిందటి నెల పొడి, అన్నీ అవే నాలుగు అంకెలు. కాగితం ఫొటో తీసి డాక్టరమ్మకి పంపింది. నిమిషంలో జవాబు వచ్చింది. 'ఇది చాలు. ఆ మందు ఇవ్వడం లేదు. రక్తం ఎక్కిస్తున్నాం.'

"ఎవరమ్మా నువ్వు?"

వెనక్కి తిరిగితే కంపెనీ యజమాని, సూటు సారు. డబ్బాల మీద, బస్సుల వెనక, హోర్డింగుల మీద చేతులు కట్టుకుని నవ్వే మనిషి. ఇప్పుడు నవ్వడం లేదు. ఆమె లేచి నిలబడి, తమ్ముడు ఏ ఆసుపత్రిలో ఎలా ఉన్నాడో నాలుగు ముక్కల్లో చెప్పింది. స్లిప్పు ఆయన మొహానికి ఎదురుగా పట్టుకుంది.

ఆయన కంగారుపడలేదు. అదే ఆమెని ఇంకా మండించింది. ఫావా మంచి ఆహారమని, కోట్లమంది తింటారని, లక్షల్లో ఒకరికి పడకపోతే కంపెనీ తప్పెలా అవుతుందని అడిగాడు. గింజ మీద ఆమెకీ కోపం లేదు. మనిషి మనిషికీ ఒళ్లు వేరన్న మాట మీదా లేదు. ఆ మాట నిజమే కాబట్టే కడుపు రగిలిపోతోంది.

"ఒక్కొక్కరికి ఒక్కో తిండి అని రాసుకున్నది మీరు. మా అమ్మ చెప్పబోతే గడి లేదన్నది మీ మనిషి. ఆ గడి ఎందుకు లేదు?"

సూటు సారు ఆడవాళ్ల వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. తెలియనివాళ్లకి లెక్క నేర్పే మాస్టారిలా ఓపిగ్గా చెప్పాడు.

"మొదట్లో ఉండేది. తల్లివైపు కూడా రాస్తే ఏ ఇద్దరూ ఒకలా రావడం లేదమ్మా. అన్నదమ్ముల పిల్లలు కూడా వేరే అయిపోతున్నారు. తండ్రివైపే అయితే ఊరు మొత్తం మూడు వంశాల్లో సర్దుకుంటుంది. మూడు లేబుళ్లు చాలు. లేకపోతే వ్యాపారం ఎలా నడుస్తుంది?"

ఆమె కొడుతుందేమో అనుకున్నారు లేబుళ్లు అంటించేవాళ్లు. కొట్టలేదు. పెట్టెలోంచి కటింగ్ ప్లేయరు తీసింది. కాటా పక్కన ఇనప తీగకి వేలాడుతున్న సీసం సీలు పట్టుకుని తీగని టక్కున కత్తిరించింది. సీలు తెగిన కాటాతో తూచి అమ్మడం నేరం. తూనికల శాఖ మనిషి వచ్చి, లోపలి జ్ఞాపకమంతా చదివి, మళ్లీ ముద్ర వేసేదాకా ఆ షెడ్డులో చిటికెడు పొడి కూడా డబ్బాకెక్కకూడదు. తనే అక్కడి నుంచే శాఖకి ఫోను చేసి, సీలు తెంచింది తనేనని, ఎందుకో కూడా చెప్పి, లైసెన్సు నంబరు ఇచ్చింది.

సూటు సారు గొంతు అప్పుడు లేచింది. పోలీసులని పిలుస్తానన్నాడు, లైసెన్సు ఊడబెరికిస్తానన్నాడు. పిలవమంది. ఆసుపత్రి పేరు, వార్డు నంబరు చెప్పి అక్కడికే పంపమంది. పెద్దావిడ చేతిలో ఉన్న లేబుళ్ల చుట్ట బల్ల మీద పెట్టి చేతులు దులుపుకుంది.

సాయంత్రం నాలుగింటికి తమ్ముడి రక్తం ఎనిమిది దగ్గర ఆగింది. ఇంకా గండం గడిచిందనను గానీ, దిగడం ఆగింది అంది డాక్టరమ్మ. తమ్ముడు కళ్లు తెరిచి, డబ్బాలవాళ్లు చెప్పినట్టే బరువైతే తగ్గించారక్కా అని గొణిగాడు. తూకాలక్కకి నవ్వు రాలేదు. వాడి మణికట్టు పట్టుకుని కూర్చుంది.

తర్వాత అమ్మ వైపు తిరిగింది. కలం తీసింది. "చెప్పమ్మా. మీ వైపు ఎవరెవరున్నారో మొత్తం చెప్పు. ఆడవాళ్లతో మొదలుపెట్టు."

అమ్మ ఎగతాళి చెయ్యలేదు, దెప్పలేదు. అమ్మమ్మ అక్కచెల్లెళ్లు, వాళ్ల కూతుళ్లు, ఆ కూతుళ్ల కొడుకులు, ఒక్కొక్కరినీ వేళ్ల మీద లెక్కపెడుతూ చెప్పింది. ఆసుపత్రి మందుల చీటీ వెనక రాసుకుంటే పదకొండు మంది మగపిల్లలు తేలారు. పెద్ద పిన్ని కొడుకు పేరు దగ్గర తమ్ముడు తల కదిపాడు. వాడినీ నేనే చేర్పించాను, సూపుల వారం నిన్నటితో అయిపోయింది అన్నాడు.

తూకాలక్క వెంటనే వాడికి ఫోను చేసింది. ఆరో రింగుకి ఎత్తాడు. ఏం చేస్తున్నావని అడిగింది.

"ఏం లేదక్కా. పొడి ఇవాళే వచ్చింది. కలుపుతున్నా."

"చెంచా కింద పెట్టు" అంది తూకాలక్క. "డబ్బా పారెయ్యకు. అది పట్టుకుని నువ్వూ పిన్నీ ఇప్పుడే ఆసుపత్రికి రండి. పోలీసులు కూడా వస్తున్నారు, వాళ్లకి చూపించాలి."