వంటింటి ఓట్లు

సింకులో తేయాకు ఎవరు పారబోశారన్న దగ్గర ఆ శనివారం పొద్దున గొడవ మొదలైంది.

"నేను దినామూ సేత్తో ఎత్తి సెత్తబుట్టలో ఏస్తన్నాను. నువ్వేమో వడగట్టి సింకుకేసి కొట్టి ఎలిపోతావు. రేపు గొట్టం పూడిపోతే నీ అమెరికావోడు వచ్చి తీస్తాడేటి?" అంది మరిడమ్మ.

కోడలు చందనకు జవాబు చెప్పే వీలు లేదు. బొటనవేలు ఫోను మీద నొక్కి ఉంది, నోరు వాక్యం మధ్యలో ఉంది. ప్రతి శనివారం టీ తాగాక ఆమె అమెరికా రాజకీయాల మీద నాలుగు మాటలు రికార్డు చేసి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెడుతుంది. మలేసియాలో, క్లాంగ్ ఊళ్ళో ఇళ్ళ అమ్మకాల పత్రాలు చూసుకునే లాయరుకు అమెరికాతో ఏం పనని అడిగినవాళ్ళకు ఆమె దగ్గర సమాధానం సిద్ధంగా ఉంటుంది. "మన గొడవల గురించి మాట్లాడితే సగం మంది గ్రూపులోంచి వెళ్ళిపోతారు. వాళ్ళ గొడవైతే అందరూ వింటారు."

ఆ రోజు చెబుతున్న సంగతి ఆమెకు ఎంతో ఇష్టమైనది. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో, పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చుకోవడానికి ఊళ్ళోవాళ్ళంతా బడి హాల్లో చేరేవారు. ఒకరి మనుషులు ఈ మూల, మరొకరి మనుషులు ఆ మూల. తలలు లెక్కపెట్టేవారు. అక్కడిదాకా వచ్చేసరికి తేయాకు గొడవ వచ్చి పడింది. చందన కంగారులో వేలు తీసేసింది. సందేశం వెళ్ళిపోయింది.

కాసేపటికి కూతురు మోహనప్రియ, ఆ ఊరందరిలాగే మాట చివర 'లా' తగిలిస్తూ, నవ్వుకుంటూ మేడ దిగింది. "అమ్మా, నానమ్మ గొంతు కూడా గ్రూపులోకి వెళ్ళిపోయింది లా! ఇపో ఊళ్ళో ఉన్న అత్తకి నువ్వు వద్దంట. వచ్చే వారం నానమ్మనే మాట్లాడమంట."

"మా అమ్మ పార్టీలో నేనూ చేరతాను," అన్నాడు చందన భర్త వినోద్‌కుమార్, పేపరు వెనకనుంచి. "కనీసం సింకు బాగుపడతాది."

"పేపరు చదివేవాళ్ళు తాగిన కప్పు కడగరు, పార్టీలో మాత్రం చేరతారు," అంది చందన. తేయాకు మాత్రం తనే ఎత్తి చెత్తబుట్టలో వేసింది. తప్పు తనదేనని ఆమెకు తెలుసు.

తొమ్మిదింటికి అత్తగారిని గుడి దగ్గర దింపాలి. గుడి హాలు వెనక గదిలో శనివారాలు సుగంధి టీచరు తెలుగు క్లాసు పెడుతుంది. పిల్లలే ఎక్కువ. మాటలు అర్థమవుతాయి గాని నోరు తిరగదు వాళ్ళకు. వాళ్ళ మధ్య మరిడమ్మ. ఆమె పుట్టిన రబ్బరుతోటలో ఉన్నది అరవ బడి, అదీ రెండేళ్ళే. డెబ్బై దాటాక అ ఆలు మొదలుపెట్టింది. చందన అదీ నేర్చుకోలేదు. అమెరికా జడ్జీల తీర్పులు చదువుతుంది గాని తెలుగులో తన పేరు గుర్తుపట్టలేదు. అందుకే రాయకుండా మాట్లాడి పంపుతుంది.

కారు నడుపుతున్నా ఆమె బుర్ర అమెరికాలోనే ఉంది. అక్కడ బడి కమిటీకి ఓటు, ఊరి పోలీసు అధికారికి ఓటు, కొన్ని రాష్ట్రాల్లో జడ్జీలకు కూడా ఓటే. జడ్జి వీధిలో నిలబడి ఓటడుగుతాడని మొదటిసారి విన్నప్పుడు ఆమె మొహం చిట్లించింది. తరవాత తరవాత ఆ చిట్లింపు కాస్త సడలింది. ఇక్కడ టౌను కౌన్సిలు మెంబర్లను పైవాళ్ళే నియమిస్తారు. ఆమె పుట్టకముందునుంచీ అంతే. రోడ్డు మీద గుంత పడితే ఎవరికి చెప్పాలో తెలుసు. పూడ్చకపోతే ఎవరిని దించాలో తెలియదు. ఊరి స్థాయిలో ఆమెలాంటి వాళ్ళకు ఓటంటూ మిగిలింది గుడి సంఘంలోనే. అక్కడా ఆమె ఎవరినీ ఓటు అడిగిందీ లేదు, వేసిందీ లేదు. సంఘానికి న్యాయ సలహాదారు ఆమె. ప్రెసిడెంటు అప్పలసామి పిలిచి కుర్చీ చూపించాడు, కూర్చుంది. మీటింగుల్లో ముందు బల్ల దగ్గర కూర్చునే ఏకైక ఆడమనిషి. అది గౌరవమనే అనుకుంటూ వచ్చింది.

మధ్యాహ్నం ఇంటికి వచ్చిన మరిడమ్మ తిన్నగా వంటింట్లోకి వెళ్ళింది. సింకు వైపు కూడా చూడలేదు. ఉల్లిపాయలు ముందేసుకుని కూర్చుంది గాని కత్తి కదలడం లేదు.

"ఏటయింది అత్తా?"

"మా గది తీసేస్తారంట. పెళ్ళికూతుర్లు ముస్తాబవడానికి ఏసీ గది సేస్తారంట. అద్దెకిస్తారంట. రేపు మీటింగులో సెయ్యెత్తీస్తే అయిపోద్దంట. టీచరు సెప్పింది."

చందనకు ఆ సంగతి తెలుసు. 'వెనక గది మార్పులు' అన్న మాటకు తనే సరేనంది. ఏసీ పెడితే మంచిదే కదా అనుకుంది. ఆ గదిలో ఎవరు కూర్చుంటారో తలుచుకోలేదు.

"క్లాసు ఇంకోచోట పెడతారు అత్తా."

"ఎక్కడ?"

"అది... తరవాత చూస్తామన్నారు."

"నాకు తరవాత ఎంతుందే?" అంది మరిడమ్మ. ఏడుపు లేదు ఆ గొంతులో, లెక్క అడిగినట్టుంది. "ఒత్తుల దాకా వచ్చినాను. నా పేరు నేను రాసుకోడానికి ఇంకొక్కటే తక్కువ. నువ్వు ముందు బల్ల దగ్గిర కూకుంటావు గదా, ఏటీ సెప్పవా?"

"చెప్తాను. కానీ చేతులెత్తేది వాళ్ళే. పెళ్ళికూతుళ్ళ తండ్రులే అక్కడ సగం మంది."

"మరి మాకు నేదా ఓటు?"

"ఎందుకు లేదు? చందా కట్టిన ప్రతి మనిషికీ ఉంది. నీకూ ఉంది."

మరిడమ్మ కోడలి మొహంలోకి చూసింది. "ఉంటే మాత్రం ఎప్పుడెయ్యాలి? ఆ టైముకి మేం ఎనకాల వడలేస్తాం గదా."

నిజమే. ఏటా అంతే. మీటింగు తరవాత భోజనాలు. అందుకని పొద్దున్నుంచీ ఆడవాళ్ళంతా వెనక వంటశాలలో. వాళ్ళను రావద్దని ఎవరూ అనలేదు. వాళ్ళ ఓటు ఎవరూ తీసేయలేదు. నూనె కాగే వేళకు ఓటింగు వస్తుంది, అంతే. సముద్రాల అవతల ఆడవాళ్ళు ఓటు కోసం ఎంతకాలం పోరాడారో ఎన్ని శనివారాలు చెప్పిందో చందన. తన వెనక గోడకు అవతల వడల వాసన వస్తుంటే, వాసన బాగుందనుకుంటూ ముందు బల్ల దగ్గర కూర్చుంది.

ఆదివారం ఆమె తిన్నగా హాల్లోకి వెళ్ళలేదు. చుట్టూ తిరిగి వంటశాలలోకి వెళ్ళింది.

"అమ్మో, లాయరమ్మకి ఇటు దారి తెలుసే!" అంది పుష్పవల్లి. వంటల పెత్తనం ఆమెది. రెండు చేతులకూ మోచేతుల దాకా పిండి. "కాఫీ కావాలేటి? ముందుకి పంపిస్తాం లా, మీరెల్లి కూకోండి."

"కాఫీకి రాలేదు. ఓటు అడగడానికి వచ్చినాను."

ఎన్ని బ్యాంకుల లాయర్లతో వాదించినా తడబడని గొంతు ఆ మాట దగ్గర తడబడింది. వాదించడం వేరు, అడగడం వేరు. వాదించేటప్పుడు చేతిలో కాగితం ఉంటుంది. అడిగేటప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియదు. గది సంగతి చెప్పింది. తనే ముందు సరేనన్నానని కూడా చెప్పింది. అంతా విని పుష్పవల్లి గరిటెతో మూకుడు వైపు చూపించింది.

"నూనె కాగిపోయింది. ఇప్పుడు ఒదిలేసి వస్తే పిండి పులిసిపోద్ది. ఆకలితో ఉన్న మగోళ్ళకి ఎవులు సెప్తారు, మీరు సెప్తారా?"

"నేనే చెప్తాను."

ఎవరూ కదల్లేదు. అప్పుడు మరిడమ్మ మూలనున్న ముక్కాలి పీట మీదనుంచి లేచి, పొయ్యి దగ్గరకు వచ్చి, గ్యాసు కట్టేసింది.

"పులిస్తే పులిసింది," అంది. "రోజూ తినే వడలే గదా."

హాల్లో అప్పలసామి అప్పటికే ఆ విషయం దాకా వచ్చేశాడు. మనిషి మంచివాడే. గుడికి కప్పు వేయించినవాడు, చావులకూ పెళ్ళిళ్ళకూ ముందుండేవాడు. ఎదురు నిలబడేవాళ్ళు లేక ఏళ్ళ తరబడి ప్రెసిడెంటుగా ఉన్నాడు. "గది ఇసయం అందరికీ తెలుసు. ఒప్పుకున్నోళ్ళు సేతులెత్తండి. ఆఁ, సరిపోనాది. పాసు."

"లెక్కపెట్టలేదు మావా," అంది చందన, తలుపు దగ్గరనుంచి.

"కనబడతంది గదమ్మా."

"కొందరు రెండు చేతులూ ఎత్తినారు. మూర్తి బావ అయితే నిద్రలో ఎత్తినాడు." హాలు గొల్లుమంది. "అందరం లేచి నిలబడదాం. ఏసీ గది కావాలన్నవాళ్ళు కిటికీల వైపు. క్లాసు ఉండాలన్నవాళ్ళు వేదిక వైపు. తలలు మీరే లెక్కపెట్టండి."

"ఇదేటమ్మా, అమెరికా అనుకున్నావా?"

"క్లాంగే మావా. ఆ గోడ దాకా నడవడానికి వీసా అక్కర్లేదు."

ఇంతలో ఆమె వెనక తలుపు బార్లా తెరుచుకుంది. పిండి చేతులతో పుష్పవల్లి, ఆమె వెనక చీర కొంగులు బొడ్లో దోపుకున్నవాళ్ళు, గరిటె కింద పెట్టడం మరిచిపోయినవాళ్ళు, అందరికంటే చివర మెల్లిగా మరిడమ్మ. హాలంతా ఆవాలు, కరివేపాకు వాసన.

"మరి వడలో?" అన్నాడు అప్పలసామి నిజమైన ఆందోళనతో.

"వడలకి ఓటు నేదు మావా, మాకుంది," అంది పుష్పవల్లి, నేరుగా వేదిక వైపు నడిచి గోడకు ఆనుకుని నిలబడింది. మిగతావాళ్ళు ఆమె పక్కన చేరారు.

కూర్చుని చెయ్యెత్తడం సులువు. లేచి, పదిమంది చూస్తుండగా, పెళ్ళాం ఒక గోడ దగ్గర ఉంటే రెండో గోడ దగ్గరకు నడిచి వెళ్ళడం అంత సులువు కాదు. కొందరు వెళ్ళారు, కూతురి పెళ్ళి దగ్గరపడ్డవాళ్ళు వెళ్ళారు, వాళ్ళను ఎవరూ ఏమీ అనలేదు. చాలామంది మధ్యలో ఆగారు. వినోద్‌కుమార్ అప్పలసామి పక్క కుర్చీలోనే ఉన్నాడు. ముందురోజు ఆయనకు చెయ్యెత్తుతానని మాటిచ్చాడు కూడా. చందన అతని వైపు చూడలేదు. మరిడమ్మా చూడలేదు, ఆమె గోడ మీద పిల్లలు అంటించిన అక్షరాల పటం చూస్తోంది, పెదవులు కదుపుతూ. వినోద్‌కుమార్ లేచాడు. "మన్నించు మావా," అని, వచ్చి తల్లి పక్కన నిలబడ్డాడు.

అతని తరవాత మధ్యలో ఆగినవాళ్ళు ఒక్కొక్కరే కదిలారు. వేదిక వైపు చోటు చాలక మనుషులు మెట్ల మీదకు ఎక్కారు.

అప్పలసామి కిటికీల వైపు లెక్కపెట్టడం ముగించి, ఇటు తిరిగి, పైకే లెక్కపెడుతూ వచ్చి సగంలో ఆపేశాడు. ఇక పెట్టక్కర్లేదని అందరికీ కనబడుతూనే ఉంది.

"గది క్లాసుకే," అన్నాడు. మైకు దించి మళ్ళీ ఎత్తాడు. "ఇంతమంది ఇన్నాళ్ళూ ఎక్కడున్నారమ్మా?"

"ఎనకే ఉన్నాం రా తమ్ముడూ," అంది మరిడమ్మ. "నీకు వడలు సేస్తన్నాం."

అందరికంటే ముందు నవ్వింది అప్పలసామే. తరవాత హాలు అదిరిపోయేలా చప్పట్లు. పిల్లలు ఈలలు వేశారు. వడలు ఆలస్యంగా, పొగలు కక్కుతూ వచ్చాయి. పిండి కొంచెం పులిసింది. ఎవరూ ఒక్క మాట అనలేదు.

రాత్రి ఇంట్లో అన్నాల దగ్గర కూడా ఆ ముచ్చటే. మోహనప్రియ తీసిన ఫోటోలు బంధువుల గ్రూపులో తిరుగుతున్నాయి. వినోద్‌కుమార్ తను నడిచిన దూరాన్ని చెప్పిన ప్రతిసారీ కొంత పెంచుతున్నాడు.

చందన రసం పోసుకుని, కలుపుకోకుండా ఆగింది. పొద్దున వంటశాలలో గొంతు తడబడిన క్షణం ఆమెను వదలడం లేదు. పిలిచి కుర్చీ చూపించినవాళ్ళు దాన్ని ఎప్పుడైనా వెనక్కి లాక్కోవచ్చు. అడిగి తెచ్చుకున్నది అలా పోదు. ఓటడిగే జడ్జిని చూసి మొహం చిట్లించిన తను ఇన్నాళ్ళూ అడగకుండానే పెద్దరికం అనుభవించింది.

"నేను సలహాదారు పని మానేస్తన్నాను," అంది.

చేతులు ఆగాయి.

"వచ్చే ఎన్నికల్లో ప్రెసిడెంటుకి నిలబడతాను."

"అమ్మా!" అంది మోహనప్రియ.

"అప్పలసామి మావకి ఎవరు చెప్తారు?" అన్నాడు వినోద్‌కుమార్.

"సాయంత్రం నేనే ఫోను చేసినాను. మీరూ తప్పకుండా నిలబడాలి మావా అని చెప్పినాను. ఇద్దరుంటేనే కదా ఎన్నిక. 'అయితే నేను కూడా వంటింట్లోకి వచ్చి అడగాలేటి?' అన్నాడు. అడగాలన్నాను."

మరిడమ్మ ముద్ద మింగి, నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టింది.

"మరి నన్ను అడగవా?"

చందన ఎంగిలి చెయ్యి కంచంలోనే ఉంచి, అత్తగారి వైపు తిరిగి సర్దుకుని కూర్చుంది. ఈసారి గొంతు తడబడలేదు. "అత్తా, నేను ప్రెసిడెంటుకి నిలబడతన్నాను. నీ ఓటు నాకు కావాలి."

మరిడమ్మ కోడలిని పైనుంచి కింద దాకా చూసింది.

"ఆడు కూడా వచ్చి అడగనీ," అంది. "ఇద్దరు సెప్పిందీ ఇని ఏస్తాను."