రంగం చూసినావిడ

న్యూజిలాండ్‌లో, అందులోనూ ఈ లోవర్ హట్ ఊరి గాలికి పట్టుచీర కట్టడమంటే మాటలా! అందుకే సీతారత్నం ఆ ముచ్చట మానేసి నాలుగేళ్ళయింది. అలాంటిది ఆ ఆదివారం పొద్దున్నే నెమలికంఠం రంగు చీర కట్టేసి, "పదవే, కారు తియ్యి," అంటూ మనవరాలు వర్షిత ప్రాణం తీసింది. కమ్యూనిటీ హాల్లో బర్మా వాళ్ళ వేడుకట. వాళ్ళ తిండి, వాళ్ళ బట్టలు, గుళ్ళ ఫొటోలూ అన్నీ చూపిస్తారట. ఈవిడ మాత్రం వేడుక చూడ్డానికి కాదు, సాక్ష్యం కోసం బయల్దేరింది.

సీతారత్నం పుట్టింది రంగూన్‌లో. వాళ్ళింట్లో రంగం అనేవారు. ఆవిడకి ఏడేళ్ళప్పుడు అక్కడి సర్కారు కొట్లన్నీ లాగేసుకుంటే, కట్టుబట్టలతో ఓడెక్కి విశాఖపట్నంలో దిగారు. అది మొదలు ఆవిడ రంగం కబుర్లు చెబుతూనే ఉంది, వినేవాళ్ళు నవ్వుతూనే ఉన్నారు. "ఏడేళ్ళ పిల్లకి అంత గుర్తుంటుందా అమ్మా? ఫొటోల్లో చూసినవన్నీ నీవే అనుకుంటున్నావేమో," అనేది కూతురు నిరుపమ. ఈవిడ ఊరుకుంటేనా! వెంటనే విశాఖలో ఉన్న అన్నయ్య రాజారావుకి ఫోన్ కొట్టి, స్పీకర్ పెట్టేది. "ఒరే అన్నయ్యా, చెప్పరా వీళ్ళకి!"

"నిజమేనే సీతా. పక్కన నేనున్నాగా," అనేవాడాయన. దాంతో అందరి నోళ్ళూ మూతపడేవి.

మొన్న మాఘంలో రాజారావు పోయాడు. ఆయనతోపాటు ఆ "నిజమేనే" కూడా పోయింది. ఈమధ్య ఆవిడకే అనుమానం పట్టుకుంది. ఇన్నేళ్ళూ చెప్పుకొచ్చిన ఆ రంగం బంగారు గుడి తను చూసిందా, ఎవరో చెబితే విన్నదా? అన్నయ్య పోయిన బాధ ఒకెత్తు, ఈ అనుమానం ఒకెత్తు.

హాలంతా చేపల పులుసు వాసన. గోడ మీద ఆ గుడి ఫొటో, ఇంత పెద్దది. దాని కింద తన ఈడు ఆవిడే ఒకామె కూర్చుని, గుండ్రటి సాన మీద చెక్క ముక్క అరగదీసి వచ్చినవాళ్ళ బుగ్గలకి ఆ గంధం రాస్తోంది. సీతారత్నం తిన్నగా ఆమె ముందుకెళ్ళి నిలబడింది.

"అడగవే, రంగంలో వాళ్ళది ఏ వీధో."

వర్షిత ఇంగ్లీషులో అడిగి, విని, ఇటు తిరిగింది. "అమ్మమ్మా, ఆవిడ రంగూన్ అస్సలు చూళ్ళేదట. పుట్టింది కొండల్లోనట. వార్ వచ్చి బోర్డర్ క్యాంప్‌కి, అక్కణ్ణించి డైరెక్ట్‌గా ఇక్కడికే."

సీతారత్నం కుర్చీలో కూలబడింది. గంపెడాశతో వస్తే ఇదా, ఖర్మ!

ఆమె అరగదీయడం ఆపి ఏదో అడిగింది. "నువ్వు చూశావా అంటోంది," అంది వర్షిత. "ఆ గుడికి తీసుకెళ్తానని వాళ్ళమ్మ ఎప్పుడూ అనేదట. క్యాంప్‌లోనే పోయిందట పాపం. ఎలా ఉంటుందో చెప్పమంటోంది."

ఎలా ఉంటుంది! అరవయ్యేళ్ళలో నిజమా అని అడిగినవాళ్ళే గానీ, ఈ ముక్క అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు.

"కాళ్ళు కాల్తాయి," అనేసింది సీతారత్నం. ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో ఆవిడకే తెలీదు. "చెప్పులు కిందే విప్పెయ్యాలి. ఎండకి ఆ పాలరాయి పెనంలా కాలేది. నేను ఏడుపు లంకించుకుంటే అన్నయ్య నన్ను వీపునెక్కించుకున్నాడు. వాడి కాళ్ళు మాత్రం కాలవూ? గెంతుకుంటూ నడిచాడు వెధవ. గుడి సగమే కనబడింది నాకు, వాడి బుర్ర అడ్డం!"

నవ్వబోయి ఏడ్చేసింది. అన్నయ్య మెడ మీది చెమట వాసన ఇప్పుడే తగిలినట్టుంది.

"ఇది నాకెప్పుడూ చెప్పలేదేంటి?" అంది వర్షిత.

"నాకు మాత్రం తెలుసా ఏంటే!"

వర్షిత ఇంగ్లీషులో చెబుతుంటే ఆ గంధం ఆవిడ కళ్ళార్పకుండా వింది. తర్వాత సీతారత్నం బుగ్గలు తుడిచి, రెండింటికీ చల్లటి గంధం రాసింది. ఇంతలో ఓ కివీ జంట వచ్చి, గోడ మీది గుడి చూపించి అదెలా ఉంటుందని అడిగారు. ఆమె సీతారత్నం వైపు చెయ్యి చూపించి రెండు ముక్కలు చెప్పింది.

వర్షిత ఇటు వంగింది. "అమ్మమ్మా, 'ఈవిడనడగండి, ఈవిడ చూసింది' అంటోంది."

సీతారత్నం చీర కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది.

"ముందు వాళ్ళని ఆ బూట్లు విప్పమనవే," అంది.