నాన్నకు మిగిలిన మాట

అది తిట్టే అయితే, మంచినీళ్ళు కావాలన్నప్పుడు నాన్న నోట అంత మెత్తగా ఎందుకు పలుకుతుంది? రేపల్లె పాసింజర్లో కిటికీ పక్కన కూర్చున్న కరుణకు తెనాలి దాటినప్పటి నుంచీ ఇదే ఆలోచన. పక్షవాతం వచ్చాక యేసుదాసుకు మిగిలింది ఒక్క మాట. బ్లడీ. ఆకలైనా, నొప్పైనా, కూతురు కనబడినా అదే. "మెదడులో మాటలుండే గది కూలిపోయిందమ్మా," అన్నాడు డాక్టరు. "తిట్లూ పాటలూ ప్రార్థనలూ వేరే గదిలో ఉంటాయి. అక్కడ ఆయన చేతికి దొరికింది ఇదొక్కటే."

కాలవలో నీరెండ రైలుతో పాటు వస్తోంది. కళ్ళు సగం మూసుకుంటే కరుణకు ఆ రెండో గది కనిపిస్తోంది. బొగ్గు పొడి, ఆవిరి, మధ్యలో మీసాలు సరిగా రాని నాన్న. ఈ లైన్లోనే ఆయన ఫైర్‌మన్‌గా ఇంజనుకు బొగ్గు వేసేవాడు. డ్రైవరు ఆంగ్లో ఇండియన్. పార ఎత్తినప్పుడల్లా ఆ మాట అనేవాడట. ఒకసారి నాన్న చెయ్యి కాలితే తన రుమాలు తడిపి కట్టు కడుతూ కూడా అదే అన్నాడట. నాన్న మాత్రం ఇంట్లో ఎన్నడూ అనలేదు. ఇన్నేళ్ళూ అది ఆయనలో ఎక్కడ పడుకుందో.

పొద్దున బాపట్లలో, తను ఇంగ్లీషు చెప్పే కాలేజీ లైబ్రరీలో ఆ మాట పుట్టుక కోసం పెద్ద నిఘంటువు తీసింది. క్రీస్తు రక్తం మీద పెట్టిన ఒట్టు అరిగి ఇలా అయిందని కొందరు. 'బై అవర్ లేడీ', అంటే మరియ తల్లి తోడు, అన్నదే ఇదని కొందరు. తాగి వీధుల్లో రభస చేసే, 'బ్లడ్స్' అని పేరుపడ్డ దొరబిడ్డల వల్ల వచ్చిందని ఇంకొందరు. దేనికీ రుజువు లేదని చివర్లో ఉంది. ఎవరికి పుట్టిందో తెలియని ఆ మాట మీద కరుణకు జాలి కలిగింది.

ఇంటికి చేరేసరికి పక్కింటి రత్నం నాన్నకు చెంచాతో టీ పడుతోంది.

"ఎలా ఉంది బాబాయ్?"

"బ్లడీ."

"చూశావా కరుణక్కా, దొరగారికి పంచదార సరిపోయిందంట!"

"నీకు నవ్వులాటగా ఉందే," అంది అమ్మ మంగాయమ్మ. రత్నం వెళ్ళాక కరుణ వైపు తిరిగింది. "పాస్టరు అయ్యగారు ప్రభు భోజనం తెస్తున్నారు. 'ఇది నా రక్తము' అని గిన్నె నోటికందిస్తే ఈయన ఆ మాటంటే? రేపటికల్లా సంఘమంతా తెలిసిపోద్ది. పడుకున్నారని చెప్పేస్తాను. నువ్వు తలుపెయ్యి."

"పోయిన నెలా అదే చెప్పావు. చర్చి గంట మోగినప్పుడల్లా నాన్న ఏడుస్తున్నాడమ్మా."

"నాకు తెలీదేంటి? నాకు భయమే!"

కరుణ నాన్న గది తలుపు మూసి బయట గడియ పెట్టింది.

పాస్టరు అంద్రెయ వచ్చి వరండాలో కూర్చున్నాడు. "ఎలా ఉన్నారమ్మా మన యేసుదాసుగారు?"

"నిద్రపోతున్నారండి. లేపితే బాగుండదండి," అంది మంగాయమ్మ.

లోపల మంచం కిర్రుమంది. "బ్లడీ," అని వినిపించింది. మళ్ళీ అదే, ఇంకొంచెం గట్టిగా. అయ్యగారు తల తిప్పాడు. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆ గొంతులో కోపం గానీ ఒట్టు గానీ కరుణకు వినిపించలేదు. హాజరు పిలిచినప్పుడు వెనక బెంచీ నుంచి పలికే గొంతు అది, ఎక్కడ తన పేరు దాటిపోతుందో అన్నట్టు.

ఆమె లేచి వెళ్ళి గడియ తీసింది.