ప్లేటులోని హోరు

మా ఆయన శామ్యూల్ రాజ్‌కి చెవులున్నాయి గానీ వినడం రాదని పెళ్లయిన కొత్తలోనే తేల్చేశాను. గుడివాడ చుట్టుపక్కల చర్చిలకి సౌండ్ సిస్టమ్‌లు బిగించడం ఆయన పని. ఫోనులో పాట పెట్టి, "చూడు, ఎంత క్లియర్‌గా ఉందో!" అంటారు. "ఉప్పు లేని పప్పులా ఉందండీ" అంటాను నేను. నాకు గ్రామఫోను ప్లేటు కావాలి. సూది కింద అది తిరుగుతుంటే పాట వెనకాల వచ్చే ఆ సన్నటి హోరు కావాలి.

మచిలీపట్నంలో మా పుట్టింట్లో ఉన్నది ఒకే ఒక్క ప్లేటు. అందులో పాడింది మా పిన్ని దీనమ్మ, అప్పటికింకా చిన్నపిల్ల. అమ్మావాళ్లది దివిసీమలో సముద్రం ఒడ్డున ఊరు. మిషన్ వాళ్లు టేపు రికార్డరు తెచ్చి, అక్కడి చర్చిలో పిన్ని చేత పాడించి, మద్రాసులో ప్లేటు చేయించారట. అది తయారై వచ్చేసరికి ఊరు లేదు. డెబ్బై ఏడు ఉప్పెన తీసుకుపోయింది. బందరు హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మా అమ్మ రూతు ఒక్కతే మిగిలింది. పిన్నిది ఫొటో కూడా లేదు. ఆ గొంతే ఉంది.

ఏటా నవంబరులో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుని, ప్రార్థన అయ్యాక ఆ పాట వింటాం. ప్లేటు వేసే ముందు అమ్మ కిటికీలన్నీ మూసేస్తుంది. పాత చీర ఒకటి చుట్టగా చుట్టి, తలుపు కింద సందులో కుక్కుతుంది. దుమ్ము పడకుండా అనుకునేవాళ్లం. పాట అవుతూనే, ప్లేటు ఇంకా తిరుగుతుండగానే లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది.

కిందటేడు పిన్ని గొంతు బాగా అరిగిపోయింది. ఇక నాలుగుసార్లు వేస్తే అదీ ఉండదని అమ్మకి దిగులు పట్టుకుంది. అన్నం సరిగా తినేది కాదు. చివరికి మా ఆయన్ని పిలిచి, "ఎలాగైనా దాన్ని నిలబెట్టు బాబూ. ఇంకోసారి పోతే నేను తట్టుకోలేను" అంది.

ఆయన కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఈసారి కూడిక రోజున అమ్మ ఎప్పటిలాగే కిటికీలు మూసి, చీర కుక్కి, కుర్చీ అంచున కూర్చుంది. ఆయన స్పీకర్ ఆన్ చేశారు.

పిన్ని పాడింది. గదిలో మా మధ్య నిలబడి పాడినట్టుంది. చరణానికీ చరణానికీ మధ్య ఆ చిన్నపిల్ల ఊపిరి పీల్చుకోవడం కూడా వినపడింది. చుట్టూ ఇంకే చప్పుడూ లేదు. పాట ఆగగానే నాకు కోపం ముంచుకొచ్చింది.

"హోరేదండీ? ప్లేటుకి ప్రాణమే అది. తీసేసి ఏం బావుకున్నారు?"

"అది నాయిస్, నిస్సీ. అత్తయ్యగారు పాట అడిగారు గానీ నాయిస్ అడగలేదుగా."

"మీకేం తెలుసు! పుట్టిన దగ్గర్నుంచీ ఆ హోరుతోనే విన్నాను. అది లేకపోతే మా పిన్నే కాదు. ముందు అది మళ్లీ కలపండి."

"వద్దు" అంది అమ్మ.

అప్పుడు చూశాను. అమ్మ లేచి వెళ్లలేదు. కుర్చీలోనే ఉంది.

"అది ప్లేటు చప్పుడు కాదే" అంది. "మీ పిన్ని చేత పాడించినప్పుడు వేసవి సెలవులకి నేనూ ఇంటికెళ్లా. చర్చిలో ఒకటే ఉక్క. కిటికీలు తీసింది నేనే. అది సముద్రం."

అమ్మ మూసిన కిటికీల వైపు చూసింది.

"ఏటా వింటున్నా. ముందు దీనమ్మ పాడుతూ ఉంటుంది, వెనకాల సముద్రం వస్తూ ఉంటుంది. పాట ఆగుతుంది, ఆ హోరు ఆగదు. గొంతు కావాలంటే దాన్నీ వినాలిగా, ఏం చెయ్యను?" మా ఆయన వైపు తిరిగి చేతులు జోడించింది. "ఇన్నేళ్లకి నా చెల్లెల్ని నీళ్లలోంచి బయటికి తెచ్చావు బాబూ."

"అయ్యో, అవేం మాటలు అత్తయ్యగారూ!" అంటూ ఆయన ఆ చేతులు పట్టుకున్నారు. నేను ఏడ్చేశాను.

అమ్మ వెళ్లి తలుపు కింది చీర లాగేసింది. కిటికీలు తీసింది. రోడ్డు మీద మంగినపూడి బీచికెళ్లే ఆటోల గోల లోపలికొచ్చింది. "మళ్లీ పెట్టు" అంది.

మర్నాడు మధ్యాహ్నం అమ్మ చర్చిలో స్త్రీల కూడికకి వెళ్లింది. ఒక్కసారి వింటే ఏమవుతుందిలే అని ప్లేటు వేశాను. మొండిదాన్ని కదా. పిన్ని గొంతు దాదాపు వినపడలేదు. ఎంత అరిగినా హోరు మాత్రం తగ్గలేదు, పెరిగింది. పాట ఆగింది. అది వస్తూనే ఉంది.

చూసుకునేసరికి నేను గుమ్మం దగ్గర మోకాళ్ల మీద ఉన్నాను. పాత చీర తలుపు కింద సందులోకి రెండు చేతులా కుక్కుతున్నాను.