తిరిగి పాడేవాళ్లు

తన బృందగానంలో వైవిధ్యం లేదన్న సంగతి నాగేశ్వరమ్మకు హెడ్డాఫీసు నుంచి ఉత్తర్వు వచ్చాకే తెలిసింది. అంతవరకు ఉందనే అనుకుంది పాపం. జనరల్ మేనేజరు గారి కూతురు తమిళ పిల్ల, చీఫ్ ఇంజనీరు గారబ్బాయి బెంగాలీ, అకౌంట్సాయన కవలలు ఒడియా వాళ్లు. ఇన్ని రాష్ట్రాల పిల్లలు ఒకే తెల్లబట్టల్లో నిలబడి ఒకే దేశభక్తి గీతం పాడుతుంటే ఇంకేం వైవిధ్యం కావాలి? కానీ ఢిల్లీలో ఎవరికో బుద్ధి పుట్టింది. తవ్వుతున్న కొండ బస్తర్‌లో ఉంది గనక, ఆ కొండ చుట్టుపక్కల పుట్టిన పిల్లలు కూడా వేదిక మీద కనిపిస్తే బాగుంటుందని. ఉత్తర్వులో ఉన్న మాట కనిపించడమే. వినిపించడం గురించి అందులో ఏమీ రాయలేదు.

బచేలి దాటి ఎర్రరోడ్డు మీద కొంతదూరం పోతే ఒక ప్రైవేటు గని కంపెనీ కట్టుకున్న కాలనీ వస్తుంది. అక్కడ చెట్ల ఆకులు కూడా ఎర్రగానే ఉంటాయి. ఆఫీసర్ల బంగళాల ముందు చెట్లను మాత్రం రోజూ ట్యాంకరు నీళ్లతో కడుగుతారు గనక పచ్చగా ఉంటాయి. ఆ కాలనీ బడిలో నాగేశ్వరమ్మ సంగీతం టీచరు. పెళ్లయి రాజమండ్రి నుంచి వచ్చినప్పటి నుంచీ కాంట్రాక్టు ఉద్యోగమే. ఏటా వేసవిలో పోతుంది, బడి తెరిచాక చేతులు కట్టుకుని అడిగితే మళ్లీ వస్తుంది. ఆమె రెగ్యులర్ కావాలనుకున్నది హోదా కోసం కాదు. భర్త రాఘవులు క్రషరు దగ్గర కాంట్రాక్టరు కింద పనిచేసి, ఊపిరితిత్తుల్లో దుమ్ము నింపుకుని మంచాన పడ్డాడు. కంపెనీ ఆసుపత్రి రెగ్యులర్ వాళ్ల కుటుంబాలకే. దుమ్ముకు మాత్రం అలాంటి పట్టింపులు లేవు, కాంట్రాక్టు వాళ్ల ఛాతీలోకి కూడా చనువుగా వెళుతుంది.

ప్రిన్సిపాలు వెంకటనారాయణ ఆమెను గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు. కుర్చీ చూపించాడంటేనే పని పెద్దదని ఆమెకు అర్థమైంది.

“వార్షికోత్సవానికి ఢిల్లీ నుంచి డైరెక్టర్ మేడం వస్తున్నారు నాగేశ్వరమ్మగారూ. ఆవిడకి ఈ వైవిధ్యం అంటే ప్రాణం. ఆదివాసీ పిల్లల ఆశ్రమ హాస్టల్ నుంచి ఆరుగురు ఆడపిల్లల్ని పంపిస్తున్నారు. మన బృందంలో కలిపేయండి. ఆవిడ నవ్వుతూ కారెక్కిందంటే మీ రెగ్యులర్ సంగతి నేను చూసుకుంటాను.”

“కలపడమంటే, పాట నేర్పాలాండీ?”

“ముందు వరసలో నిలబెట్టాలి. ఈకలు, గవ్వలు నేను తెప్పిస్తాను.”

ఈకలు, గవ్వలు జగదల్‌పూర్‌లో ఒక పెళ్లి బ్యాండు వాళ్ల దగ్గర అద్దెకు దొరికాయి.

మర్నాడు పిల్లలు జీపులో దిగారు. వాళ్లలో పెద్దది ఇర్మె. ఊరు తెలంగాణ సరిహద్దులో ఉండటంతో ఆమెకు తెలుగు వచ్చు, గోండీ వచ్చు, బడి హిందీ వచ్చు, సంతలో హల్బీ కూడా మాట్లాడుతుంది. నాగేశ్వరమ్మకు తెలుగు వచ్చు, హిందీ అవసరానికి వచ్చు. అయినా ఇర్మె నోరు తెరవగానే “ఇదేం తెలుగమ్మా” అని ముసిముసిగా నవ్వింది ఆవిడే. నాలుగు భాషలు వచ్చినదాన్ని చూసి రెండు భాషలు వచ్చినవాళ్లు నవ్వే హక్కు ఈ దేశంలో టీచర్లకు ఉంది.

గొంతు పరీక్ష చేద్దామని హార్మోనియం మెట్టు నొక్కి సా అందుకోమంది. ఆరుగురూ చేతులు చేతులు పెనవేసుకుని, ఒకే గొంతుగా అందుకున్నారు. పక్క తరగతిలో లెక్కలాయన సుద్దముక్క పట్టుకుని వచ్చి చూసిపోయాడు. కొండకు ఇటువైపు నుంచి అటువైపు వాళ్లను పిలిచే గొంతులవి. తెల్లబట్టల పిల్లల పాట ఆ గొంతుల ముందు ఆనదని నాగేశ్వరమ్మకు క్షణంలో తెలిసిపోయింది. తెలిసినందుకు ఆనందించాల్సిన మనిషి, భయపడింది. చీఫ్ ఇంజనీరు గారబ్బాయి గొంతు వినబడకపోతే చీఫ్ ఇంజనీరు గారు ఊరుకుంటారా?

అందుకని పద్ధతిగా ఒక నిర్ణయం తీసుకుంది. మైకులు వెనక వరసకు. ముందు వరసలో ఆరుగురూ పెదాలు కదపాలి, శబ్దం రాకూడదు.

“నోరు తెర్వాలె, పాడొద్దా?” అంది ఇర్మె.

“అవునమ్మా. చక్కగా నవ్వుతూ.”

ఇర్మె మిగతా పిల్లలకు గోండీలో చెప్పింది. పొజ్జే అనే చిన్నపిల్ల ఏదో అడిగింది. అందరూ నవ్వారు. ఏమందని నాగేశ్వరమ్మ అడిగితే, “అన్నం కూడ గట్లనే తినాల్నా అని అడుగుతున్నది” అంది ఇర్మె.

మేడం గారికి ఒక ఆదివాసీ పాట కూడా వినిపించాలని ప్రిన్సిపాలుకు తర్వాత తోచింది. నాగేశ్వరమ్మ ఒక రాత్రి కూర్చుని హిందీలో తానే ఒకటి అల్లింది. దానికి ముందూ వెనకా “హుయ్యా హుయ్యా” చేర్చింది. అది ఇర్మెకు పాడి వినిపించింది.

“టీచరమ్మా, ఇది ఏ ఊరి పాట?”

“మీదేనమ్మా.”

“మాది కాదు,” అంది ఇర్మె మర్యాదగానే. “మా పాటనే పాడతం. రెండు వరసలు చాలు.”

ఆ రోజు ఆదివారం. బడికి తాళం వేసి ఉండటంతో సాధన నాగేశ్వరమ్మ ఇంటి వసారాలో జరుగుతోంది. లోపల మంచం మీద రాఘవులు దగ్గుతున్నాడు. ఆ దగ్గు ఒకసారి మొదలైతే పాట ఆపాల్సిందే, తాళం తప్పిపోతుంది. ఇర్మె లేచి వెళ్లి చెంబుతో నీళ్లిచ్చి వచ్చింది.

“అన్నకు ఏందమ్మా?”

“దుమ్ము,” అంది నాగేశ్వరమ్మ. ఆ ఒక్క మాటతో సరిపెట్టేసి, “సరే, రెండు వరసలు పాడండి. అర నిమిషం దాటకూడదు,” అంది.

“మేం ఒక వరస పాడితే, తిరిగి ఎవరంటరు?”

“ఎవరూ అనక్కర్లేదు.”

“అట్ల కాదు టీచరమ్మా. ఒక దిక్కోళ్లు పాడితే ఇంకో దిక్కోళ్లు దాన్ని తిరిగి అనాలె. అన్నంకనే రెండో వరస ఎత్తుకుంటం. అనకపోతే మొదటిదే మళ్ల పాడతం.”

“ఎంతసేపు?”

“అనేదాక.”

లోపల దగ్గు మళ్లీ మొదలైంది. నాగేశ్వరమ్మ ప్రాణం విసిగిపోయి ఉంది. “వెనక వరసవాళ్లు అంటార్లే,” అనేసి హార్మోనియం మూసింది. టీచర్లు రోజుకు ఇలాంటి మాటలు ఎన్నో అంటారు. పిల్లలు వాటిని నమ్ముతారని వాళ్లకు గుర్తుండదు.

వార్షికోత్సవం నాడు హాలు కిటకిటలాడింది. ముందు సోఫాల్లో ఆఫీసర్లు, మధ్యలో డైరెక్టర్ మేడం, ఆవిడ మెడలో సంతలో కొన్న పూసలదండ. వెనక గోడ పొడవునా డ్రైవర్లు, మాలీలు, వంటవాళ్లు నిలబడ్డారు. వాళ్లకూ కుర్చీలు వేద్దామన్న ఆలోచన ఆ ఏడాది ఉత్తర్వులో లేదు.

దేశభక్తి గీతం దివ్యంగా సాగింది. ముందు వరసలో ఆరుగురు ఆడపిల్లలు పెళ్లి బ్యాండు ఈకలు పెట్టుకుని, చెప్పినట్టే నోళ్లు తెరుస్తూ మూస్తూ నిలబడ్డారు. మేడం కళ్లు చెమర్చాయి. పక్కనున్న జనరల్ మేనేజరుతో ఏదో అంది. వేదిక వారనుంచి ప్రిన్సిపాలు నాగేశ్వరమ్మ వైపు చూసి తల ఊపాడు. ఆ తల ఊపులో ఆమెకు ఆసుపత్రి గేటు తెరుచుకున్నట్టే అనిపించింది.

అప్పుడు ఆడపిల్లలు తమ పాట గోండీలో ఎత్తుకున్నారు. ఒక్క వరస. మైకు లేకపోయినా హాలు నిండింది. ఆ వరస అవగానే ఆరుగురూ జనానికి వీపు పెట్టి, వెనక వరస వైపు తిరిగి నిలబడ్డారు.

వెనకవాళ్లు బిత్తరపోయారు. వాళ్లకెవరూ ఏమీ చెప్పలేదు.

పిల్లలు మళ్లీ పాడారు, అదే వరస. మళ్లీ ఆగారు. మూడోసారి పాడేసరికి సోఫాల్లో ఒకరిద్దరు నవ్వారు. ఈకలు మోసే ఆరు వీపులు కదలలేదు. ప్రిన్సిపాలు చేత్తో గొంతు కోస్తున్నట్టు సైగ చేశాడు, ఆపమని. ఇర్మె మెడ తిప్పి నాగేశ్వరమ్మ వైపు చూసింది. కోపంగా కాదు. మాటిచ్చిన మనిషిని చూసినట్టు చూసింది, అంతే.

ఇక తప్పక నాగేశ్వరమ్మే ఆ వరస తిరిగి పాడింది. అర్థం తెలియదు, ఉచ్చారణ తెలియదు, స్వరం మాత్రం పట్టుకుంది.

ఆమె పాడిందో లేదో, తెల్లబట్టల పిల్లలంతా అదే వరస గట్టిగా అందుకున్నారు, నాలుగు మైకుల్లోంచి. ఎందుకు పాడరు? టీచరు పాడితే తిరిగి పాడటమే వాళ్లకు ఇన్నేళ్లుగా నేర్పింది. సంగీతం క్లాసంటే ఇంకేముంది?

ఆడపిల్లల మొహాలు వెలిగాయి. రెండో వరస ఎత్తుకున్నారు. టీచరు అంది, పిల్లలు అన్నారు. మూడో వరస. వెనక గోడ దగ్గర ఒక డ్రైవరు ఫక్కున నవ్వాడు. నాలుగో వరసకు మాలీ లచ్చు కూడా గొంతు కలిపాడు. తిరిగి పాడేవాళ్లు దొరికాక ఆ పాట ఆగే రకం కాదు. ఎప్పటికప్పుడు ఇర్మె కొత్త వరస కట్టి ఇస్తూనే ఉంది. జనరల్ మేనేజరు కూతురు చప్పట్లతో తాళం వేస్తోంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో తన బృందం నిజంగా పాడటం నాగేశ్వరమ్మ వినడం అదే మొదలు, ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

చివరకు అలసటతో ఆగింది పాట. మేడం లేచి నిలబడి చప్పట్లు కొట్టి, “అద్భుతం. దీని అర్థం ఏమిటో చెప్పండి,” అని హిందీలో అడిగింది.

మైకు నాగేశ్వరమ్మ చేతికొచ్చింది. ఆమె వంగి ఇర్మె చెవిలో, “ఏమిటమ్మా దానర్థం?” అంది.

“బండెక్కి పోతున్నది మా కొండ, ఏడికి పోతున్నదో అడుగు అక్కా, అని మొదటిది,” అంది ఇర్మె. “వాగు ఎర్రగ పారుతున్నది, గొడ్లు తాగుతలేవు, ఎవరు కలిపిన్రో అడుగు అక్కా. మెత్తటి కుర్చీల దొర కూసున్నడు, ఆయన్నే అడుగు అక్కా. మిగిలినయి గూడ గట్లనే.”

నాగేశ్వరమ్మ ప్రిన్సిపాలును చూసింది. మెత్తటి కుర్చీలో కూర్చున్న దొరను చూసింది. ఇంట్లో మంచం గుర్తొచ్చింది. “కొండ తల్లి చల్లగా ఉండాలని, వచ్చిన అతిథులు కలకాలం సుఖంగా ఉండాలని పాడారు మేడం,” అంది హిందీలో.

హాలు దద్దరిల్లింది. ప్రిన్సిపాలు మొహం చూస్తే అప్పటికప్పుడే ఉద్యోగం ఇచ్చేసేలా ఉన్నాడు. గోండీ తెలిసిన వెనక గోడవాళ్లు మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఇర్మెకు హిందీ వచ్చని నాగేశ్వరమ్మకు అప్పుడు గుర్తొచ్చింది.

ఇర్మె పక్కవాళ్ల చేతుల్లో చేతులు వేసి, నాగేశ్వరమ్మ వైపే తిరిగి, ఈసారి తెలుగులో ఎత్తుకుంది. ఆమెకు అర్థం కావాలనే ఎత్తుకుంది.

“ఎర్రదుమ్ము ఇంట్లకొచ్చి మంచమెక్కి పండుకున్నది, ఎవరు పిలిచిన్రే అక్కా.”

వరస అయిపోయింది. ఆరుగురు ఆగారు. వాళ్ల వెనక తెల్లబట్టల పిల్లలు టీచరు నోటికేసి చూస్తూ ఊపిరి బిగబట్టారు. తెలుగు తెలిసిన ప్రిన్సిపాలు వద్దన్నట్టు అడ్డంగా తల ఊపుతున్నాడు. పాడకపోతే మళ్లీ పాడతారు. అనేదాక పాడతారు.

నాగేశ్వరమ్మ పాడింది. పదాలన్నీ తెలిసి పాడింది. పిల్లలు తిరిగి అన్నారు.

మేడం అదే నవ్వుతో, “మరి దీని అర్థం?” అంది.

నాగేశ్వరమ్మ మైకు దగ్గరగా పట్టుకుని చెప్పింది. దుమ్ము దగ్గర మొదలుపెట్టి, వాగు, గొడ్లు, కొండ, కుర్చీ, అన్నీ చెప్పింది. ముందు తాను చెప్పింది అబద్ధమని కూడా చెప్పింది. హిందీ ఆమెకు అవసరానికి వచ్చు. ఆ రోజు అవసరం పడింది.

మేడం నవ్వలేదు. కారెక్కేటప్పుడు కూడా నవ్వలేదట.

వేసవిలో ఎప్పటిలాగే ఉద్యోగం పోయింది. ఈసారి బడి తెరిచాక మళ్లీ రాలేదు. ఆమె స్థానంలో పాటలన్నీ ముందే నింపి ఉన్న ఒక కీబోర్డు కొన్నారు. దానికి ఏ భాషా రాదు గనక వైవిధ్యంతో ఇబ్బంది లేదు. హెడ్డాఫీసు పత్రిక అట్ట మీద మాత్రం ఆరుగురు ఆడపిల్లలు ఈకలతో మెరిసిపోతున్నారు, నోళ్లు తెరుచుకుని. అది మొదటి పాటప్పుడు తీసిన ఫోటో. నాగేశ్వరమ్మ భర్తను తీసుకుని దంతెవాడలో అద్దెకు దిగింది. సర్కారు ఆసుపత్రి వరండాలో వంతు కోసం కూర్చున్నప్పుడు తాను చేసింది తప్పేమో అని ఆమెకు చాలాసార్లు అనిపించింది. రాఘవులు దగ్గు ఆగినప్పుడల్లా ఆ దుమ్ము వరస పాడించుకుని వింటాడు. మంచమెక్కి పండుకున్నది అన్నచోట నవ్వుతాడు.

ఒకరోజు బస్టాండులో జనరల్ మేనేజరు గారింట్లో వంట చేసే దుర్గమ్మ కనిపించి, పలకరింపులైనా కాకుండానే మొదలుపెట్టింది.

“టీచరమ్మా, ఏం నేర్పినవో ఏమో. మా పాపగారు అన్నం కాడ కూసుంటది, కంచం ముట్టది. ‘బండెక్కి పోతున్నది మా కొండ, ఏడికి పోతున్నదో అడుగు అక్కా’ అని వాళ్ల నాయన మొకం మీదనే గోండీల పాడుతది. పాడి, ఆయన దిక్కే చూసుకుంట కూసుంటది.”

“ఆయన ఏమంటారు?”

“ఏమంటడు. ఏమీ అనడు. అనకపోతే పాప మళ్ల అదే పాడుతది.”