కవచంలో కంబళి

ఆదివారం మధ్యాహ్నం పరుపుల దుకాణం షట్టర్ సగానికి దించి, చుట్టిపెట్టిన పరుపుల మీద ముగ్గురూ కూర్చున్నారు. పాచికలేసి, కథలో తలో పాత్రా అయి ఆడే ఆట. వదిన, ఆవిడ మరిది ఆటగాళ్లు. ఆవిడ మొగుడు కథ నడిపేవాడు. రాక్షసుడు ఏం చేస్తాడో, కవచం ఎంత దెబ్బ ఆపుతుందో ఆయన మాటే శాసనం. ఇంట్లో ఆ హోదా లేదు గనక ఆదివారాలు ఆయన గొంతు కాస్త పెరిగేది.

వదిన పాత్ర పేరు ఉక్కు దొరసాని. పెళ్లైన కొత్తలో పుట్టించుకున్న మనిషి. మరిదిది దొంగ పాత్ర. అందుకు అతను పెద్దగా నటించక్కర్లేదని వదిన అభిప్రాయం.

ఆ ఇంట్లో పాత్ర చచ్చిందంటే చచ్చిందే. బతికించడాలు లేవు. ఇప్పుడు దొరసాని ముందు రాక్షసుడు గద ఎత్తాడు.

"లోపల మెత్త తొడుక్కున్నావా?" అడిగాడు మొగుడు.

రేకు కవచం కత్తిని ఆపుతుంది. గద దెబ్బని మింగేది లోపలి మెత్త. అది లేకపోతే రేకు చెక్కుచెదరదు, లోపల మనిషే నుజ్జవుతుంది. అయితే దొరసాని మోయగల బరువుకి హద్దుంది. భుజాల రేకులు, మోకాటి చిప్పలు, శిరస్త్రాణానికి ఈకల కుచ్చు కొన్నాక ఆ హద్దు దాటింది. బయటికి కనపడనిది ఏదా అని చూసి, మెత్తని వదిలించుకుంది.

"కిందటి ఊళ్లో అమ్మేశాను."

"జన్మంతా పరుపులు కుట్టి, ఒంటి మీద ఒక్క పొర దూది ఉంచుకోలేదా వదినా!" అన్నాడు మరిది. "పోనీలే, కుచ్చు బావుంది. శవానికి అందం."

"నోర్మూయ్. ముందా కంబళి దొరకనీ."

రాణిగారు అప్పగించిన ఉన్ని కంబళి కిందటి ఆదివారం మాయమైంది. తీసినవాడి తల నరుకుతానని దొరసాని ఒట్టేసి, అందరి సంచులూ, గుర్రం జీనూ, చివరికి దొంగగారి బూట్లూ దులిపించింది. దొరకలేదు. ఆ రోజే వదిన టీ పెట్టడానికి లేచినప్పుడు మరిది అన్న చెవిలో ఏదో ఊదాడు. ఆమె తిరిగొచ్చాక మొగుడు, "కవచం కాస్త బిగుతుగా ఉంది," అన్నాడు.

"అంటే లావయ్యాననా?" అంది వదిన. ఆయన వెంటనే వాతావరణం గురించి మాట్లాడాడు.

పాచికలు పడ్డాయి. గద సరిగ్గా రొమ్ము మీద దిగింది.

"మెత్త లేకపోతే ఇంక..." మొగుడు ఆగాడు. తమ్ముడి వైపు చూడకుండా ఉండటానికి ఆయన చాలా శ్రద్ధ తీసుకున్నాడు. "ఎవరికైనా ఏదైనా తెలిస్తే ఇప్పుడే చెప్పాలి. ఆటగాళ్ల గుట్టు నేను విప్పకూడదు."

వదిన పరుపు అంచున దారం పీకుతోంది. ఇరవై ఏళ్లుగా కుట్టు విప్పని మనిషి.

మరిది ఆ దారాన్ని చూశాడు. "కంబళి ఉంది," అన్నాడు.

"ఎక్కడ?"

"నీ కవచంలోనే. నువ్వు నిద్రపోతుంటే తోలు అస్తరు వెనక కుక్కాను. మెత్త పోయాక బోలెడు చోటుంది మరి. అందర్నీ సోదా చేశావుగానీ, నిన్ను నువ్వు చేసుకోలేదుగా!"

"రెండు పక్కటెముకలు విరిగాయి," అన్నాడు మొగుడు గంభీరంగా. "ప్రాణం ఉంది."

వదిన ముక్కు తుడుచుకుని పాచికలు విసిరింది. రాక్షసుడు కూలిపోయాడు. ఆమె మరిది వైపు తిరిగింది.

"ఏవండీ, కత్తి ఎత్తగలనా?" అని మాత్రం మొగుణ్ని అడిగింది.

"ఎముకలకి కట్టు కట్టాకే. ముందు కవచం విప్పాలి. భుజం రేకుల పట్టీలు వీపు మీద ఉంటాయి, ఇంకొకళ్లు విప్పాలి."

దొరసాని కనుచూపు మేరలో ఉన్నది ఆ దొంగ ఒక్కడే.

"రా, పట్టీలు విప్పు," అంది వదిన.

"ముందు ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టు."

వదిన పీకిన దారాన్ని వేలికి చుట్టి, మళ్లీ విప్పింది.

"పెట్టాను. మెల్లిగా విప్పు. కుచ్చు నలిగిందో, మళ్లీ ఒట్టేస్తా."