మగ్గం గుంట మీద విమానం

ఎమ్మిగనూరు ధనుంజయ మాటల్లో సగానికి సగం కత్తిరించి పారేసినా ఒక చీరకు సరిపడా మిగిలేది. ఆదోని కోట మీదుగా పోయే విమానం ఒకసారి ఎంత కిందికి దిగిందంటే, పైలట్ కిటికీలోంచి వంగి తనను అగ్గిపెట్టె అడిగాడనేవాడు. ఇచ్చావా అంటే, ఇచ్చాను గానీ తిరిగివ్వలేదు, పైన తిరిగేవాళ్లంతా అంతేననేవాడు.

అలాంటి మనిషి పత్తి బేళ్ల లారీ మీద నుంచి పడి, మెడ కింద ఏదీ కదలక రెండేళ్లయింది. మిగిలింది నోరూ గడ్డమూ. ఆ నోరు ముందు కతలు మానింది, తర్వాత తిండి మానబోయింది.

బడిలో అతని పక్కన కూర్చున్న ముస్తాక్‌కు ఆదోనిలో కంప్యూటర్లు బాగుచేసే అంగడి ఉంది. ధనుంజయ తల్లి సిద్దమ్మ మగ్గం అమ్మేశాక దాని కింది గుంట మీద చెక్కలు పరిచి ఉంచింది. ముస్తాక్ ఆ చెక్కల మీద పెద్ద కంప్యూటరు పెట్టి, విమానం నడిపే ఆట ఎక్కించాడు. మంచం దగ్గర పాత ల్యాప్‌టాప్, దానికి కెమెరా. ధనుంజయ గడ్డం ఎటు తిరిగితే అటు అని ల్యాప్‌టాప్ వైఫై పెట్టె ద్వారా పెద్ద కంప్యూటరుకు కబురు పంపుతుంది, విమానం అటు తిరుగుతుంది. కబురు చేరాలంటే పెద్ద కంప్యూటరుకు ఒక నంబరు ఉండాలి కదా. చివర నాలుగు వచ్చే ఆ నంబరును ముస్తాక్ ప్రోగ్రాములో రాశాడు. మరిచిపోకుండా ఒక చీటీ మీద కూడా రాసి తెర అంచున అంటించాడు.

విమానం లేచిన రోజు ధనుంజయ రెండు గ్లాసుల రాగి గంజి తాగాడు. మబ్బుల్లో చలి పెడుతోంది, దుప్పటి కప్పమని తల్లిని సతాయించాడు. తొమ్మిది రోజులు ఎగిరాడు, తిన్నాడు. పదోరోజు గడ్డం ఎంత తిప్పినా విమానం వినలేదు.

ముస్తాక్ సాయంత్రం బస్సుకు వచ్చాడు. కనెక్షన్ రిఫ్యూజ్డ్, అంటే కలవనివ్వను అని, తెర మీద ఒకటే మాట. ల్యాప్‌టాప్ నుంచి నాలుగో నంబరును పిలిచి చూశాడు, పలికింది. అంటే దారి ఉంది, తలుపే మూసుకుంది అనుకున్నాడు. బయటివాళ్లను అడ్డుకునే ఫైర్‌వాల్ తీశాడు, కబురు వెళ్లే పోర్టు మార్చాడు, ఆటను చెరిపి మళ్లీ ఎక్కించాడు. పెద్ద కంప్యూటరు దగ్గరే కూర్చుని తడితే తలుపు తెరుచుకుంది. ల్యాప్‌టాప్ నుంచి తడితే లేదు. నాలుగు సాయంత్రాలు ఇదే తంతు.

తింటే ఆకాశంలోనే తింటానని, విమానం ఆగిన మొదటిరోజు ధనుంజయ అన్నప్పుడు అందరూ నవ్వారు. రెండోరోజు గంజి చెంప మీదుగా కారిపోయింది. మూడోరోజు, మంచాన పడి వీపున లేచిన పుండ్లు చీము పట్టి జ్వరం ఎక్కింది. ఆసుపత్రికి తీసుకురమ్మని డాక్టరు చెప్పిపోతే, గడ్డం అడ్డంగా ఆడించాడు. నాలుగోరోజు అదీ ఆడించలేదు.

ఐదోరోజు ఆదివారం. ముస్తాక్ పొద్దున్నే వచ్చి చెక్కల మీద కూర్చున్నాడు. సిద్దమ్మ గోడకు ఆనుకుని, కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ ఉంది.

"నా చెయ్యి తగిలి సెడిందేమోనప్పా."

"ఏం చేసినావు పెద్దమ్మా?"

"అమాస నాడు మగ్గం ఆడించకూడదు కదా. మగ్గం చోట కూకున్నేది కూడా మగ్గమే అనుకొని, వాడు ఆట ఆపినాక రేత్రికి అన్నీ పీకేసినా. ఆ లైట్లు మినుకుమనే పెట్టె కూడా. మర్నాడు ముందు టీవీ పెట్టి, తర్వాత కడమయి తగిలిచ్చినా."

ముస్తాక్ పెద్ద కంప్యూటరు నంబరు వెతికాడు. చివర ఏడు. ఆగి లేచిన వైఫై పెట్టె నంబర్లను కొత్తగా పంచింది. ఆ పెట్టెతోనే నడిచే టీవీ ముందు అడగడంతో దానికి నాలుగు దక్కింది. ఇన్ని రోజులూ పలికింది టీవీ. తలుపు తట్టించుకున్నదీ టీవీయే. చీటీ తన చేతిరాత కాబట్టి ముస్తాక్ దాన్ని ఒక్కసారైనా అనుమానించలేదు.

"నీ చెయ్యి కాదు పెద్దమ్మా, నా చీటీ తప్పు" అన్నాడు.

ప్రోగ్రాములో నాలుగు కొట్టేసి ఏడు రాశాడు. కనెక్షన్ కుదిరింది. తనే విమానాన్ని లేపి, ఆదోని కోట మీదికి తెచ్చి, మీటలు వదిలేశాడు.

"ధనా, నీదే ఇంక. తీసుకో."

ధనుంజయ కళ్లు తెర వైపే ఉన్నాయి. గడ్డం నుంచి వచ్చే కబురు తెర మూలన అంకెల్లో కనబడాలి. సున్నా వచ్చింది. మళ్లీ సున్నా. ముస్తాక్ కెమెరా దగ్గరికి జరిపాడు, లైటు వేశాడు. సున్నాలు వస్తూనే ఉన్నాయి. విమానం వదిలిన చోటి నుంచి తిన్నగా పోతోంది.

సిద్దమ్మ మంచం పక్కన కూర్చుని, కొడుకు గడ్డం కింద చెయ్యి పెట్టి, మెల్లగా ఎడమకు తిప్పింది. విమానం ఎడమకు ఒరిగింది.

అప్పుడు చూశాడు ముస్తాక్, ఆ కళ్లు రెప్ప వేయడం లేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, లేచి స్విచ్చి వైపు నడిచాడు.

"దించొద్దప్పా" అంది సిద్దమ్మ. ఆమెకు అప్పటికే తెలుసు. "ఈడ దిగితే మళ్లా మంచమే కదా."

ముస్తాక్ స్విచ్చి ముట్టుకోలేదు. ఆమె చెయ్యి తీయలేదు. విమానం ఒక పక్కకే ఒరిగి కోట చుట్టూ తిరుగుతూ, తిరిగిన కొద్దీ దిగుతూ, కింద నిలబడ్డ మనిషిని అగ్గిపెట్టె అడిగేంత దగ్గరికి వచ్చింది.